ప్రశ్న మీది, జవాబు మత్సుయె నుంచి

పోయిన సంచికలో నా పరిచయం అచ్చయ్యాక వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు: మాది రేపల్లె దగ్గర పల్లె. గుంటూరులో తొమ్మిదేళ్లు ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెప్పాను. ఇప్పుడు ఆరేళ్లుగా జపాన్‌లో, పడమటి సముద్రం వైపున్న షిమానె ప్రాంతపు ముఖ్య పట్టణం మత్సుయెలో ఉంటున్నాను. 7, 8, 9 తరగతుల పిల్లలుండే ఒక బడిలోనూ, రెండు చిన్న బడుల్లోనూ సహాయ ఇంగ్లిష్ టీచరుని. ఊరి జనాభా దాదాపు 2 లక్షలు. నాకు తెలిసినంతలో ఊళ్లో తెలుగు వినాలంటే నేను ఫోన్‌లో మాట్లాడుకుంటేనే.

*తెనాలి నుంచి ఒక గృహిణి: అక్కడ ఏం తింటున్నావమ్మా? మా అమ్మాయికీ జపాన్ ఉద్యోగం వచ్చేలా ఉంది. మేం గుడ్డు కూడా ముట్టం.*

అక్కా, నేను చేప తింటాను, కోడి తింటాను. కాబట్టి నా కష్టం సగం కష్టమే. మీ అమ్మాయిది పూర్తి కష్టం. దాచి లాభం లేదు.

ఇక్కడ వంటకు పునాది 'దషి' అనే రసం. ఎండబెట్టిన చేపను చెక్కపేళ్లలా గీరి, ఆ పేళ్లతో కాస్తారు. చారులో అదే, ఉడికించిన గుమ్మడికాయలో అదే, నూడుల్స్ పులుసులో అదే. పైకి ఒక్క చేపముక్క కనపడదు. 'మాంసం లేకుండా' అని అడిగితే 'అలాగే' అని సంతోషంగా రొయ్యలు తెచ్చి పెడతారు. ఎందుకంటే వాళ్ల లెక్కలో రొయ్య మాంసం కాదు. అందుకని మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేప రసం అని ఒక్కొక్కటీ రాసిన జపనీస్ చీటీ సంచిలో ఉంచుకోమనండి. చీటీ చదివి చాలా కొట్లవాళ్లు చేతులు జోడించి క్షమించమంటారు. అది మర్యాదగా 'ఇక్కడ మీకేం లేదు' అనడం.

ఇంట్లో వండుకుంటే ఇబ్బంది లేదు. చిన్న కుక్కరు తెచ్చుకోమనండి. పప్పులు, మసాలాలు తపాలాలో తెప్పించుకోవచ్చు. తాజా కరివేపాకు మాత్రం పెట్టెలో పెట్టొద్దు. మొక్కలకు, ఆకులకు మన దేశపు తనిఖీ పత్రం లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఇక్కడి బియ్యం పొట్టివి, జిగురువి. పులిహోర కలిపితే ముద్దగా వచ్చి ఏడుపొస్తుంది. పెరుగన్నానికి మాత్రం ఆ జిగురే బాగుంటుంది. ఊరగాయకు బదులు 'ఉమెబొషి' ఉంది. రేగుపండంత కాయను ఉప్పులో ఊరబెట్టి ఎండబెడతారు. మొదటిసారి తిన్నప్పుడు మొహం వంకర్లు పోయింది. రెండో ఏడాది నుంచి ముద్దపప్పులో నలుచుకుంటున్నాను.

స్వీట్ల విషయంలో మీ అమ్మాయి అదృష్టవంతురాలు. 18వ శతాబ్దంలో మత్సుయెను ఏలిన ఫుమై అనే దొర తేనీటి పిచ్చివాడు. ఆయన పుణ్యమా అని ఈ ఊళ్లో మిఠాయి కొట్లకు కొదవ లేదు. చాలా మిఠాయిల్లో ఎర్ర అలసందల్లాంటి అజుకి గింజల పూర్ణం ఉంటుంది. నెయ్యీ యాలకులూ లేని బొబ్బట్టు లోపలి భాగం అనుకోండి. కళ్లు మూసుకుని తింటే ఉగాది సగం వచ్చినట్టే.

*నల్గొండ జిల్లా నుంచి ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు: జపాన్ బడుల్లో స్వీపర్లు ఉండరంట, పిల్లలే ఊడుస్తరంట. వీడియోల్ల చూసినం. నిజమేనా మేడం?*

నిజమే సార్. మధ్యాహ్నం భోజనమయ్యాక పావుగంట. బల్లలన్నీ వెనక్కి నెట్టి, తడిగుడ్డ నేల మీద పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆన్చి, ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగు. మైకులో పాట వస్తుంటుంది. మొదటి వారం నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూశాను. రెండో వారం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఏమీ అనకుండా నాకో గుడ్డ తెచ్చిచ్చింది. అప్పటి నుంచి మెట్లు నా వంతు.

కానీ ఆ వీడియోలు చూపించనిది ఒకటి చెప్తాను. శుభ్రం గొప్పగా ఏమీ ఉండదు. మగపిల్లలు చీపుర్లతో కత్తియుద్ధం చేస్తారు, మూలల్లో దుమ్ము అలాగే ఉంటుంది. ఇక మన సాటి టీచర్ల సంగతి చూస్తే మీకు జాలేస్తుంది. పొద్దున ఏడున్నరకు వస్తారు. క్లాసులయ్యాక క్లబ్బులు ఉంటాయి, అంటే టేబుల్ టెన్నిస్, బ్యాండు, బేస్‌బాల్. అవీ వీళ్లే చూడాలి, చాలాచోట్ల శని ఆదివారాల్లో కూడా. పిల్లవాడు సైకిల్ మీద ఎవరికో తగిలినా ఫోన్ బడికే వస్తుంది. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతూ 'ముందు వెళ్తున్నందుకు క్షమించండి' అని చెప్పే మాట ఒకటుంది, 'ఒసాకి ని షిత్సురేయి షిమాసు' అని. అది మర్యాద కోసం అనే మాటే. అయినా ఆ గదిలో తలలు వంచుకుని కూర్చున్న ఇరవై మందిని చూస్తే నిజంగానే తప్పు చేస్తున్నట్టుంటుంది.

*విశాఖపట్నం నుంచి డిగ్రీ విద్యార్థి: మీలా వెళ్లాలంటే ఏం చెయ్యాలి? జీతం ఎంత?*

రెండు దారులున్నాయి బాబూ. ఒకటి విదేశీయులను బడుల్లో సహాయ టీచర్లుగా పిలిపించడానికి జపాన్ ప్రభుత్వం 1987లో మొదలుపెట్టిన జెట్ కార్యక్రమం. దరఖాస్తు ఢిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారా. డిగ్రీ ఉండాలి. ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు ఉండొచ్చు. మన దేశం నుంచి తీసుకునేది చాలా కొద్దిమందినే. రెండోది, బడులకు టీచర్లను పంపే ప్రైవేటు కంపెనీలు. నేను ఆ దారినే వచ్చాను.

అందరూ దాటవేసే విషయం ఒకటుంది. ప్రభుత్వ బడిలో భాష చెప్పే వీసాకు, ఆ భాష మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినవాడు ఎంత బాగా ఇంగ్లిష్ మాట్లాడినా ఆ గడప దాటలేడు. మా నాన్న అప్పు చేసి నన్ను కాన్వెంటులో వేసినప్పుడు ఈ సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

జీతం నాకు నెలకు 2 లక్షల 30 వేల యెన్లు. ఆగస్టులో బడి ఉండదు కాబట్టి మా కంపెనీ సగమే ఇస్తుంది. ఆ సంగతి ఒప్పందం మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. మొదటి ఆగస్టు అంతా బీన్‌స్ప్రౌట్స్ కూరతో గడిచింది. నువ్వు మూడో పేజీ చదువు.

*కరీంనగర్ నుంచి ఒక ఇంగ్లిష్ లెక్చరర్: మన ఉచ్చారణతో ఇంగ్లిష్ చెప్తే అక్కడ అభ్యంతరం పెట్టరా?*

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను సార్. కొంచెం సావకాశంగా చెప్తాను.

పెట్టారు. మొదటి ఏడాది ఒక పిల్లవాడి తల్లి నవ్వు చెరగనివ్వకుండా 'టీచరుగారు ఇంగ్లిష్ దేశం నుంచి కాదా' అని అడిగింది. కాదన్నాను. 'ఓహో' అంది. ఆ 'ఓహో'ని ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు నలిగాను.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. కాన్వెంటులో మాకు ఒక టీచరుండేది. ఎవరైనా 'బస్సు' అంటే స్కేలుతో వేళ్ల మీద ఒకటి. 'బస్' అనాలి. 'డెస్కు' అన్నా దెబ్బే, 'క్లాసు' అన్నా దెబ్బే. ఇంటికెళ్తే మా నాయనమ్మ 'బస్సు దిగావా' అనేది. బడికో నోరు, ఇంటికో నోరు పెట్టుకుని పెరిగాను. అలా సంపాదించిన ఇంగ్లిష్‌తో ఇక్కడికొచ్చి, ఏడో తరగతి గదిలో నిలబడి, బల్ల చూపించి 'ఇదేమిటి' అని అడిగాను. ముప్పై గొంతులు ఒక్కసారి 'దెసుకు!' అన్నాయి.

మా నాయనమ్మ ముప్పై మంది పిల్లలై కూర్చున్నట్టనిపించింది.

జపనీస్‌లో ప్రతి ధ్వనీ అచ్చుతో ముగియాలి. 'న్' ఒక్కటే మినహాయింపు. మనదీ అజంత భాషే కదా. హల్లుతో ఆగిపోయిన పరాయి మాట నోట్లోకి రాగానే వాళ్లకూ మనకూ కాలు నిలవదు, చివర ఒక 'ఉ' తగిలిస్తే గానీ. ఒకరోజు ఉండబట్టలేక బోర్డు మీద రెండు వరుసలు రాశాను. ఎడమవైపు వాళ్లవి, కుడివైపు మనవి. బసు, బస్సు. కురాసు, క్లాసు. గురాసు, గ్లాసు. నోటో, నోటు. చివర రెండు మాటలకు రెండు వరుసలు అక్కర్లేకపోయింది: గేము, కప్పు. పిల్లలు బల్లలు చరిచారు. వెనక నిలబడ్డ జపనీస్ ఇంగ్లిష్ టీచరు తన నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఫిర్యాదు రాస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత చూస్తే ఆ రెండు వరుసలనే ఎక్కించుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. వాక్యం దగ్గరికి వస్తే ఇంకా చిత్రం. క్రియ చివర్నే వస్తుంది, మనలాగే. 'తిని చూడు' అంటాం కదా, తినడానికీ కళ్లకూ ఏం సంబంధమని ఇంగ్లిష్‌వాడు బుర్ర గోక్కుంటాడు. జపనీస్‌లో 'తబెతె మిరు'. 'తబెతె' అంటే తిని, 'మిరు' అంటే చూడటం. 'రాసి పెట్టు' అన్నదానికి 'కైతె ఒకు': రాసి, ఉంచు. 'వస్తానని చెప్పాడు'లోని మన 'అని' ఉందే, దాని పని వాళ్ల దగ్గర 'తొ' చేస్తుంది. రెండు భాషలకూ చుట్టరికం ఉందని నేననడం లేదు, అది పండితుల గొడవ. నేను జపనీస్ నేర్చుకున్నది మాత్రం ఇంగ్లిష్ మీదుగా కాదు. ఇంగ్లిష్‌లో రాసిన పాఠ్యపుస్తకం పక్కన పడేసి, ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి తిప్పుకుని నేర్చుకున్నాను. కాన్వెంటు టీచరు వింటే ఇంకో దెబ్బ వేసేది.

ఇంకో సంగతి. ఈ ఊరికి విదేశీ ఇంగ్లిష్ టీచర్లలో పేరున్నవాడు లాఫ్కాడియో హెర్న్. 1890 ఆగస్టులో వచ్చాడు. ఇక్కడి సెత్సు అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఒక్క చలికాలం తట్టుకుని, 1891 నవంబరులో దక్షిణాన కుమమొతొకు బదిలీ అయిపోయాడు. కోట కందకం పక్కన ఆయన అద్దెకున్న ఇల్లు ఇప్పటికీ చూడొచ్చు. ఒక కన్ను లేదు, రెండోదానికి చూపు తక్కువ, అందుకని కాగితం మొహానికి దగ్గరగా ఉండాలని ఎత్తయిన బల్ల చేయించుకున్నాడు. పిల్లల్ని తీసుకెళ్తే ఆ బల్ల నమూనా చూసి మళ్లీ 'దెసుకు' అన్నారు. ఆయన్ని ఊరివాళ్లు ఏమని పిలుస్తారో తెలుసా? 'హెరున్'. పేరు మధ్యలో ఒక 'ఉ' దూర్చారు. ఆయనా ఆ పిలుపుకే పలికాడట. నాకెందుకు అభ్యంతరం?

అయినా సార్, చివరి 'ఉ' తీసేయమని పిల్లలకు చెప్తూనే ఉన్నాను. వినికిడి పరీక్షలో వాళ్లకు పనికొస్తుంది, జీతమూ అందుకే ఇస్తున్నారు. స్కేలు మాత్రం లేదు.

*హైదరాబాద్ నుంచి దంపతులు: ఏప్రిల్‌లో జపాన్ వస్తున్నాం. టోక్యో, క్యోటో అందరూ చెప్పేవే. మీ వైపు రావడం దండగా కాదా?*

మూడు రోజులుంటే రండి, ఒక్క రోజైతే వద్దు. టోక్యోలో రాత్రి 9:50కి 'సన్‌రైజ్ ఇజుమో' అనే రైలు బయల్దేరుతుంది. దాదాపు పన్నెండు గంటలు. జపాన్‌లో రోజూ నడిచే పడక రైలు ఇప్పుడు ఇదొక్కటే, దీనితోపాటు జంటగా బయల్దేరే 'సన్‌రైజ్ సెతో' కూడా. ప్రయాణానికి సరిగ్గా నెల ముందు పొద్దున పదింటికి టికెట్లు తెరుస్తారు, త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే బుల్లెట్ రైల్లో ఒకయామ దాకా వచ్చి, అక్కడ 'యకుమొ' అనే రైలు ఎక్కండి. కొండల్లో మెలికలు తిరుగుతుంది, కడుపులో తిప్పే అలవాటుంటే అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి.

1611లో కట్టిన కోట చెక్క మెట్లు ఎక్కండి. కందకంలో పడవ ఉంటుంది. తక్కువ ఎత్తు వంతెన వచ్చినప్పుడు పడవ పైకప్పు కిందికి దిగుతుంది, అందరూ నడుం వంచాలి. మా అమ్మ వచ్చినప్పుడు పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో దాదాపు పడిపోయింది, ఇప్పటికీ నవ్వుకుంటుంది. సాయంత్రం షింజి సరస్సు ఒడ్డుకు వెళ్లండి. అక్కడి చిత్రకళా మ్యూజియం మార్చి నుంచి సెప్టెంబరు దాకా గడియారం చూసి మూయదు, సూర్యుడు అస్తమించిన అరగంటకు మూస్తుంది. ప్రభుత్వ కార్యాలయం పనివేళలు సూర్యుణ్ని బట్టి నడవడం నేనింకెక్కడా చూడలేదు.

రెండో రోజు సరస్సు పక్కనుంచి వెళ్లే ఇచిబత రైలెక్కి ఇజుమో మహాలయానికి. దణ్ణం పెట్టేటప్పుడు చాలా చోట్ల రెండు చప్పట్లు, ఇక్కడ నాలుగు. చాంద్రమానంలో పదో నెలలో దేశంలోని దేవుళ్లందరూ ఇక్కడ సమావేశమవుతారని నమ్మకం. అందుకని దేశమంతటికీ అది 'దేవుళ్లు లేని నెల', ఇజుమోకు 'దేవుళ్లున్న నెల'. ఆ నెల పదో రోజు రాత్రి ఇనస సముద్రతీరాన మంటలు వేసి వాళ్లను ఆహ్వానిస్తారు. అధికమాసాల తేడాతో కొన్నేళ్లు మార్గశిరంలోకి జారుతుంది గానీ, ఎక్కువ ఏళ్లు అది మన కార్తీక శుద్ధ దశమే. పోయినసారి నేను ఆ చలిలో నిలబడి, రేపల్లె వైపు ఇళ్లలో దీపాలు పెట్టే వేళ ఎప్పుడవుతుందా అని లెక్కేసుకున్నాను. ఇక్కడికీ అక్కడికీ మూడున్నర గంటల తేడా.

గొడుగు తెచ్చుకోండి. 'అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు' అని ఇక్కడి సామెత. తిరిగి వెళ్లేటప్పుడు మీ ఆఫీసులో ఎంతమందో లెక్కపెట్టి, ఒక్కొక్కటీ విడిగా చుట్టిన మిఠాయి పెట్టె కొనండి. ఇక్కడ సెలవు పెట్టి ఊరెళ్లి ఉత్త చేతుల్తో వస్తే ఎవరూ ఏమీ అనరు, అదే బాధ. నేను ఒకి దీవులకు వెళ్లినప్పుడు పడవలో వాంతులతోనే తిరిగొచ్చాను, పెట్టె మాత్రం వదల్లేదు.

*కాకినాడ నుంచి ఒక రిటైరైన తండ్రి: ఆడపిల్లవి, ఒంటరిగా భయం లేదా తల్లీ?*

మనుషుల వల్ల భయం లేదండీ. రాత్రి పదకొండింటికి స్టేషన్ నుంచి నడిచి వస్తాను. భయం చలితో. ఇళ్లకు గోడలు పలచన, ఒక గది వెచ్చబెడితే పక్క గది ఐసుపెట్టె. కిరసనాయిలు బండి పాట పెట్టుకుని వీధిలోకి వస్తుంది. ఆ పాట వింటే 18 లీటర్ల డబ్బా పట్టుకుని చెప్పుల్లో పరుగు. మూడో ఏడాది జనవరిలో జ్వరమొచ్చి రెండు రోజులు లేవలేదు. చెత్త బయట పెట్టే రోజు నా సంచి కనపడలేదని పక్కింటి ముసలమ్మ తలుపు కొట్టింది. అంతకు ముందు రెండేళ్లూ ఆవిడ నాతో మాట్లాడిందల్లా, నేను సీసా మూతలు వేరు చేయలేదని, సంచి తిప్పి పంపడమే. ఆ రోజు గంజి తెచ్చింది, లోపల ఉమెబొషి. మర్నాడు నా చెత్త కూడా తనే వేరుచేసి పెట్టింది.

*ఖమ్మం నుంచి ఏడో తరగతి విద్యార్థిని: మీ పిల్లలకు ఒక్క తెలుగు మాటైనా వచ్చా టీచర్?*

ఒకటి వచ్చింది బంగారం. మధ్యాహ్నం అన్నం పిల్లలే వడ్డిస్తారు, తెల్ల టోపీ, తెల్ల గౌను వేసుకుని. చారు గరిటె పట్టుకున్న అబ్బాయి నా గిన్నె నిండా పోసేవాడు. ఒకరోజు పొరపాటున తెలుగులో 'చాలు, చాలు' అనేశాను. అదేమిటని అడిగితే చెప్పాను. మర్నాటి నుంచి గరిటె ఎత్తి, నా మొహంలోకి చూసి అడుగుతున్నాడు. వాళ్ల నాలుకకు 'ల' పలకదు, 'ర' అయిపోతుంది. అందుకని గరిటె గాల్లో పట్టుకుని, 'చారు?' అంటాడు.

గరిటెలో ఉన్నది అదే కాబట్టి నేను అవునంటాను. మళ్లీ పోస్తాడు.